ముక్క తీసినప్పుడు ఆ పిల్ల ఏం తింటోంది?

ల్యాబు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, రిటైరైన రోజున ఎవరు శాలువా కప్పారు లాంటి సంగతులు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

నేను పెథాలజీ డాక్టర్ని. విజయవాడలో ఒక మిషను ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాను. మా దగ్గరికి రోగి మనిషిగా రాడు. సీసాలో మూత్రంగా వస్తాడు, గాజుపలక మీద నెత్తుటి చుక్కగా వస్తాడు, ఫార్మలిన్‌లో తేలే ఒంటి ముక్కగా వస్తాడు. నాకది హాయిగానే ఉండేది. నిజం చెప్పాలంటే మనుషుల మాటలు వినే బాధ తప్పుతుందనే నేనీ శాఖ తీసుకున్నాను. ముక్క వెంట బంధువులు రారు. "మా తోడికోడలిక్కూడా అచ్చం ఇలాగే అయిందండీ" అని అది మొదలుపెట్టదు.

అయితే దానితో ఒక చిక్కుంది. ముక్క అబద్ధం చెప్పదుగానీ అడిగినదానికే జవాబు చెబుతుంది. మనకి అడగడం చేతకాకపోతే నిజమే చెప్పి మనిషిని నట్టేట ముంచుతుంది.

ఈమధ్య మా వీధిలో ఉండే ఒకమ్మాయి వచ్చింది. ఎప్పుడూ కడుపుబ్బరం, నీరసం అట. ఫోన్లో ఏదో చదివి గోధుమ తినడం మానేసింది. ఒళ్ళు తేలికపడింది. ఆ తరవాత ఎవరో చెబితే వెళ్ళి, గోధుమ పడనివాళ్ళకొచ్చే సీలియాక్ జబ్బుకి పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదని కాగితం వచ్చింది.

"అంటే నాకది లేనట్టేగా అంకుల్?" అంది.

"పరీక్షకి వెళ్ళేనాటికి గోధుమ తింటున్నావా?"

"లేదంకుల్. మానేసి చాలారోజులైంది."

ఇప్పుడు రక్తపరీక్షలున్నాయి, గొట్టంలో కెమెరాలున్నాయి. మా రోజుల్లో అవేవీ లేవు. కానీ ఆ అమ్మాయి చేసిన పొరపాటూ, డెబ్బైల్లో మా ఆసుపత్రిలో జరిగిన పొరపాటూ ఒకటే. అప్పుడు దానివల్ల ఒక పిల్ల చదువు పోవలసింది.

దొంగని తరిమేశాక

ముందు మా చీఫ్ గురించి చెప్పాలి. జనరల్ మెడిసిన్‌కి ఆయన పెద్ద. ఇంగ్లండులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కోపం ముక్కుమీదే ఉండేది. ఏ రోగి వచ్చినా "ఎలా ఉంది?" అనేవాడు కాదు. "ఏం తిన్నావు?" అనేవాడు. నిన్న ఏం తిన్నావు, మొన్న ఏం తిన్నావు, ఎవరు వండారు, వేరే ఊరెళ్తే ఏం తింటావు. బయట బల్లమీద కూచున్నవాళ్ళు విసుక్కునేవారు. ఈయన హోటలు పెట్టుకోవలసిన మనిషి, దారితప్పి డాక్టరయ్యాడని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

నేను చేరిన కొత్తల్లో వన్ టౌన్ నించి ఒక మిరపకాయల వ్యాపారి వచ్చాడు. జ్వరం తగ్గడం లేదు. టైఫాయిడేమోనని రక్తం తీసి నా దగ్గరికి పంపారు. క్రిములు పెరుగుతాయేమోనని కల్చరు పెట్టాను. ఏమీ పెరగలేదు. అదే రాసి పంపాను. చీఫ్ ఆ కాగితం పట్టుకుని ల్యాబుకొచ్చాడు.

"మందులషాపువాడు ఇచ్చిన క్యాప్సూల్సు మింగి మింగి, ఆ తరవాత నీకు నెత్తురిచ్చాడయ్యా ఈ మహానుభావుడు. దొంగని తరిమేసి పోలీసుల్ని పిలిచాడు. నువ్వొచ్చి ఇల్లంతా చూసి దొంగ లేడని రాశావు."

"లేడుగదండీ మరి" అన్నాను.

"లేడు. నువ్వు రాసింది నిజమే. దాన్నేం చేసుకోను?"

నాకు కోపమొచ్చింది. నా పని నేను చేశాను కదా అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ ఆ మాట మాత్రం వదల్లేదు.

రొట్టె పథ్యం

దీనమ్మది గన్నవరం అవతల చిన్న ఊరు. తండ్రి యోహాను, తల్లి మార్తమ్మ కూలికి వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో చర్చి పాస్టరుగారు ఉత్తరం రాసిస్తే మా నర్సింగు స్కూల్లో సీటు దొరికింది. వాళ్ళ పేటలో తెల్లబట్టలేసుకునే ఉద్యోగానికి చదువుతున్న మొదటి ఆడపిల్ల. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాట్లకి, కలుపుకి వెళ్ళిన పిల్ల కాబట్టి చేతులు మోటుగా ఉండేవిగానీ ఇంజెక్షను చేస్తే రోగికి తెలిసేది కాదట.

ఆ రోజుల్లో హాస్టల్లో బియ్యానికి కటకటగా ఉండేది. కృష్ణా డెల్టాలో బియ్యానికి కరువేంటని మీరు నవ్వొచ్చు. పండే చోట ఉండటం వేరు, హాస్టలు వంటింట్లో ఉండటం వేరు. విదేశాల నించి సాయంగా వచ్చే గోధుమ నూక మాత్రం బస్తాలు బస్తాలుండేది. పొద్దున్న నూక ఉప్మా, రాత్రి చపాతీ. అన్నం మధ్యాహ్నం ఒక్కపూట, అదీ కొలిచి.

హాస్టల్లో చేరాక ఆ పిల్ల చిక్కిపోవడం మొదలైంది. విరోచనాలు, కడుపుబ్బరం, మొహం పాలిపోవడం. వార్డులో చేర్చారు. నులిపురుగులన్నారు, మందిచ్చారు. క్షయ అన్నారు, ఎక్స్‌రే తీశారు. తిన్నది ఒంటపట్టనివ్వని సంగ్రహణి అన్నారు. ఏ మందుకీ లొంగలేదు. వార్డులో పడుకున్నకొద్దీ ఇంకా నీరసించింది. చివరికి తల్లి వచ్చి గొడవపడి ఊరికి తీసుకుపోయింది. కొన్నాళ్ళకి ఆ పిల్ల నిక్షేపంగా తిరిగొచ్చింది. హాస్టల్లో చేరగానే మళ్ళీ మామూలే. ఇలా రెండుసార్లయింది.

ఇక్కడ మీకు మన అలవాటొకటి చెప్పాలి. జబ్బుమనిషికి మనం బ్రెడ్డు పెడతాం. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ ముట్టనివాడు కూడా జ్వరం రాగానే పాలల్లో బ్రెడ్డు ముంచుకుని తింటాడు. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళు బ్రెడ్డు, బత్తాయిలు, బిస్కెట్లు తెస్తారు. ఆ కాలంలో ఏ మంచం పక్కన చూసినా బ్రెడ్లు పేర్చి ఉండేవి. అన్నం మాత్రం జబ్బు తగ్గాకే. "అన్నం పెట్టారు" అంటే లేచి కూచున్నాడని అర్థం.

అందుకని దీనమ్మ సంగతి అందరికీ ఒక్కలాగే కనబడింది. పిల్లకి జబ్బు చేసింది, బ్రెడ్డు పెట్టారు. ఇంటికెళ్ళింది, తగ్గింది, అన్నం తింటోంది. తగ్గింది కాబట్టి అన్నం తింటోందని తల్లి అనుకుంది, డాక్టర్లనుకున్నారు, నేనూ అనుకున్నాను. అన్నం తింటోంది కాబట్టి తగ్గిందేమోనని ఒక్కరికీ తట్టలేదు. మన దేశంలో పుట్టి పెరిగినవాడికి అది తట్టడం కష్టం.

నిజమైన రిపోర్టు

నర్సింగు సూపరింటెండెంటు రూతమ్మగారని ఉండేవారు. ఆవిడంటే డాక్టర్లక్కూడా హడల్. దీనమ్మది ఇంటి బెంగ అని ఆవిడ తీర్మానించుకున్నారు. ఇంటికెళ్తే పోయే జబ్బు ఇంకేం జబ్బు? ఈసారి దీనమ్మ ఊరినించి రాగానే పిలిచి చెప్పేశారు. జబ్బుంటే డాక్టర్లు పేరు రాసివ్వాలి. లేకపోతే సర్దుకుని వెళ్ళాలి. హాజరు అప్పటికే బాగా తగ్గింది, ఆ సంవత్సరం పరీక్ష దగ్గరపడుతోంది.

దీనమ్మ కేసు అప్పటిదాకా చీఫ్ చేతికి వెళ్ళలేదు, ఇప్పుడేమో ఆయన కంటి ఆపరేషనుకని మద్రాసులో ఉన్నాడు. ఆయన అసిస్టెంటు డాక్టరు శేషగిరి తెలివైనవాడు, శ్రద్ధగలవాడు. సంగ్రహణేమో తేల్చేద్దామని, ఆ పిల్ల ఊరినించి వచ్చిన మర్నాడే చీఫ్ ఇంగ్లండు నించి తెచ్చుకున్న క్యాప్సూలు బయటికి తీశాడు. అదొక చిన్న లోహపు గుళిక, సన్నటి గొట్టం చివర ఉంటుంది. రోగి దాన్ని మింగాలి. అది నెమ్మదిగా చిన్నపేగులోకి దిగాక ఎక్స్‌రేలో చోటు చూసుకుని, ఈ చివర సిరంజీతో గాలి లాగితే లోపలి కత్తి కదిలి పేగు లోపలి పొరలో బియ్యపుగింజంత ముక్క తెంపుకొస్తుంది.

ఆ ముక్క నా దగ్గరికొచ్చింది. మంచి ముక్క. మనం తిన్నదాన్ని పీల్చుకునే చూషకాలు పేగు లోపల నిలబడి ఉంటాయి. తెల్లవాళ్ళలో అవి వేళ్ళలా ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. మన దక్షిణాదివాళ్ళలో కొంచెం వెడల్పుగా, ఆకుల్లా ఉంటాయి. దీనమ్మ పేగులో అలాగే చక్కగా ఉన్నాయి. "జబ్బు లక్షణాలేవీ లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం రూతమ్మగారికి చేరింది. ఆవిడకి కావలసింది దొరికింది.

ఆ వారంలోనే చీఫ్ కంటికి నల్లద్దాలు పెట్టుకుని మద్రాసు నించి దిగాడు. దీనమ్మ కేసు కాగితాలు చదివించుకున్నాడు. నన్నూ, శేషగిరినీ, ఆ పిల్లనీ తన గదికి పిలిచాడు. మాకేసి చూడనేలేదు.

"ఊళ్ళో ఏం తిన్నావమ్మా?"

"అన్నమే సార్. పచ్చడీ, చారూ, ఎప్పుడన్నా చేపలు."

"రొట్టె?"

"మా ఊళ్ళో రొట్టెక్కడిది సార్? జరమొస్తేనే."

"హాస్టల్లో?"

"నూక ఉప్మా సార్. రాత్రిళ్ళు చపాతీ."

"మొదటిసారి వార్డులో ఉన్నప్పుడు?"

"బ్రెడ్డు సార్. అందరూ అదే తెచ్చారు."

ఆయన కేసు కాగితాలు పక్కన పెట్టాడు. తరవాత శేషగిరి వైపు తిరిగాడు. "ముక్క తీసినప్పుడు ఈ పిల్ల ఏం తింటోంది?"

"పరగడుపునే తీశాం సార్."

"ఆ పొద్దుటి సంగతి కాదయ్యా. అంతకుముందు వారాల తరబడి ఏం తింటోంది?"

శేషగిరికి అర్థం కాలేదు. నాకు మాత్రం మిరపకాయల వ్యాపారి గుర్తొచ్చాడు.

చీఫ్ చెప్పాడు. సీలియాక్ అనే జబ్బుంది. గోధుమలో ఉండే జిగురు కొందరి పేగుకి పడదు. తింటున్నంతకాలం లోపలి పొర అరిగి చదునైపోతుంది. మానేస్తే మళ్ళీ మొలుస్తుంది. ఇంగ్లండులో అలాంటి పిల్లల్ని ఎంతోమందిని చూశాడట.

"అది తెల్లవాళ్ళ జబ్బుగదా సార్. మనం అన్నం తినేవాళ్ళం" అన్నాడు శేషగిరి.

"అన్నం తినేవాళ్ళం కాబట్టే మనకి బయటపడదు. ఈ పిల్లకి బయటపడింది హాస్టలు ధర్మమా అని."

నావైపు తిరిగి, "నీ రిపోర్టు..." అని మొదలుపెట్టాడు.

"నా రిపోర్టులో తప్పులేదండీ" అన్నాను. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నా దగ్గరికొచ్చిన ముక్కలో జబ్బు లేదు.

కాలవ కట్టేశాక

చీఫ్ ముందు సులువైన దారే చూశాడు. రూతమ్మగారి దగ్గరికెళ్ళి, గోధుమ ఈ పిల్లకి పడదని రాసిస్తాను, అన్నం పెట్టించండి, చాలు అన్నాడు. నేనూ వెంట ఉన్నాను.

"పడదంటే నేనెలా నమ్మను డాక్టరుగారూ? నిరుడు ఒక పిల్లకి హాస్టలు నీళ్ళు పడలేదు. ఇంకో పిల్లకి రాత్రి డ్యూటీ పడలేదు. ఇప్పుడీ పిల్లకి గోధుమ పడదంటారు. రేపు నా హాస్టల్లో సగంమందికి పడదు. బియ్యం ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"ఇది వేరండీ."

"వేరైతే రుజువు చూపించండి. మీ ల్యాబే ఏమీ లేదని రాసిచ్చింది."

ఆవిడంటే నాకు పడేది కాదు. కానీ న్యాయంగా చూస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కొలిచి వండే వంటిల్లు ఆవిడది. ఒక్కరికి వేరే వండితే మిగతావాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. చివరికి నర్సింగు పరీక్షలదాకా ఆవిడ గడువిచ్చారు.

రుజువు కావాలంటే ఒకటే దారి. బాగున్న పిల్లకి మళ్ళీ గోధుమ పెట్టాలి. వారాల తరబడి పెట్టి, జబ్బు చేయనిచ్చి, అప్పుడు ముక్క తీయాలి. చీఫ్ తల్లిదండ్రుల్ని పిలిపించాడు. యోహాను కుర్చీలో కూచోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఒకసారి తీశారంటగదండీ. మళ్ళీ ఎందుకండయ్యా?" అన్నాడు.

"యోహానూ, వేసవిలో కాలవ కట్టేశాక గట్టు ఎక్కడ కారుతోందో తెలుస్తుందా?"

"ఎట్టా తెలుస్తదండీ? నీళ్ళొదిలితేగదా."

"మీ పిల్ల ఊళ్ళో అన్నం తిన్నన్నాళ్ళూ కాలవ కట్టేసినట్టు. మావాళ్ళు ఎండిన కాలవలో దిగి గట్టు బాగుందని రాశారు. ఇప్పుడు నీళ్ళు వదలాలి."

యోహానుకి అర్థమైంది. మార్తమ్మకి అంతకంటే బాగా అర్థమైంది.

"అంటే కావాలని నా పిల్లకి రోగం తెప్పిస్తారా అయ్యగారూ? బతికొచ్చిన పిల్లని మళ్ళీ మంచంలో పడేస్తారా? వొద్దు. మీ చదువొద్దు, మీ నర్సు టోపీ వొద్దు. ఇంటికి పదవే."

దీనమ్మ తల్లి చెయ్యి విడిపించుకుంది.

"నేను తింటాను సార్" అంది.

"నోర్ముయ్యవే."

"రోగమైతే కొన్నాళ్ళేనే అమ్మా. ఇంటికొచ్చేస్తే ఎప్పటికీ నాట్లూ కోతలే. నేను కూలికి పోలేక కాదు. పోను."

మార్తమ్మ కూతుర్ని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, మమ్మల్ని మాత్రం తిట్టలేక ఏడ్చింది. ఆఖరికి ఒక్క షరతు పెట్టింది. ఆ రొట్టె ఏదో తనే పెడతానంది. పరాయివాళ్ళ చేత పెట్టించనంది.

రొట్టె తిన్న రోజులు

దీనమ్మని ఆడవాళ్ళ వార్డులో చివరి మంచంలో ఉంచారు. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం చపాతీ, రాత్రి మళ్ళీ చపాతీ. మార్తమ్మ మంచం పక్కన నేలమీద కూచుని తుంచి పెట్టేది.

నేను వార్డులకి వెళ్ళే మనిషిని కాదు. అలాంటివాణ్ణి ఆ రోజుల్లో ఏదో వంక పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. రక్తం నేనే తీస్తానని ఒకసారి, సీసా మారిందని ఒకసారి. ఒకరోజు వెళ్ళేసరికి మార్తమ్మ పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "ప్రభువా, ఈ ఆహారాన్ని..." అని ఆగిపోయింది. దీవించమని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. "నా బిడ్డని దీవించు తండ్రీ" అని ముగించి రొట్టె తుంచింది. నేను సీసా పట్టుకుని వెనక్కి వచ్చేశాను. నాకు చాలా బాధేసింది. ల్యాబు డాక్టరు అలాంటివి చూడకుండా ఉంటేనే మంచిదనుకున్నాను. ఇప్పుడైతే అలా అనుకోను. సంవత్సరానికి ఒక్కసారన్నా చూడాలి.

మొదట్లో ఏమీ కాలేదు. రూతమ్మగారు రౌండ్సుకొచ్చినప్పుడు మంచం దగ్గర ఆగి, "బాగానే ఉన్నావుగా?" అనేవారు. పిల్ల "ఉన్నాను మేడమ్" అనేది. బాగుండటమే తప్పైనట్టు తలొంచుకునేది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి జబ్బు రాకూడదని ప్రార్థించిన తల్లికి ఇప్పుడేమని ప్రార్థించాలో తెలియలేదు.

తరవాత మొదలైంది. విరోచనాలు, వాంతులు, కాళ్ళ వాపు. ఇంటినుంచి తెచ్చుకున్న రంగు మొహంలోంచి పోయింది. శేషగిరి భయపడ్డాడు.

"చాలు సార్, ముక్క తీసేద్దాం. ఈ పిల్ల ఇంక తట్టుకోలేదు."

"ఇప్పుడే తీస్తే లోపల సగం అరిగి సగం నిలిచి ఉంటుంది. సంగ్రహణిలోనూ అలాగే ఉంటుంది. మళ్ళీ ఏమీ తేలదు" అన్నాడు చీఫ్. అన్నాడేగానీ ఆయన మొహం బాగాలేదు. "ఆ పిల్లనే అడగండి" అన్నాడు.

దీనమ్మ పడుకునే చెప్పింది. "ఇంకొన్నాళ్ళు తింటాను సార్. ఇప్పుడాపితే ఇన్నాళ్ళు తిన్నది వృథాగదా."

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. పరీక్ష సరైన వేళకి చెయ్యకపోతే దాని ఖరీదు మనం చెల్లించం. రోగి చెల్లిస్తాడు. ఆ పిల్ల మొదటిసారి వార్డులో రొట్టె తింటూ పడి ఉన్నప్పుడే ఈ ముక్క తీసి ఉంటే మళ్ళీ మళ్ళీ ఆ అవస్థ ఉండేది కాదు.

చివరికి క్యాప్సూలు మింగించారు. ముక్క వచ్చింది. శేషగిరి దాన్ని స్వయంగా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మార్తమ్మ ఎక్స్‌రే గది బయట అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూచునుంది. "ఇప్పుడు పెట్టొచ్చా అయ్యా?" అని వచ్చేపోయే ప్రతివాణ్ణీ అడుగుతోంది. కొన్నిగంటలు ఆగమన్నారు. ఆగింది. రిపోర్టు వచ్చేదాకా మాత్రం ఆగమనలేదు.

నారుమడి, దమ్ముమడి

రెండో పలక మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు. చూషకాలు లేవు. ఒక్కటీ లేదు. చదును.

దీనమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక ల్యాబుకి పిలిచి రెండు పలకలూ చూపించాను. నర్సు కాబోయే పిల్ల, చూడాలి కదా. మైక్రోస్కోపుకి కన్ను ఆనించడం చేతకాక కాసేపు తంటాలుపడింది. మొదటిది చూసి, "నారుమడిలా ఉంది సార్" అంది. రెండోది పెట్టాను. చాలాసేపు చూసింది.

"ఇది దమ్ముచేసిన మడి సార్, ఒక్క మొక్కా లేదు. ఇది ఎవరిది?"

"రెండూ నీవే."

మళ్ళీ వంగి చూసింది. "అయితే మళ్ళీ మొలుస్తది" అంది. మొదటిది చూసింది కాబట్టి అంత ధైర్యంగా అంది.

నేను రిపోర్టు రాశాను. చీఫ్ దాన్ని పట్టుకుని గెలిచినవాడిలా రూతమ్మగారి దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"అయితే నిజంగానే జబ్బుందన్నమాట."

"ఉంది."

"ఇది తగ్గే జబ్బేనా?"

"జన్మంతా ఉంటుంది" అన్నాడు చీఫ్. అనకూడని మాట అదే.

ఆవిడ కాగితం బల్లమీద పెట్టారు. "అలాగైతే రూలు ప్రకారం అన్‌ఫిట్టండీ. జన్మంతా జబ్బుండే పిల్లని నర్సింగులో ఎలా ఉంచను? వెటకారంగా అనడం లేదు. నాకూ బాధగానే ఉంది."

జబ్బు లేదంటే దొంగవేషమని పంపేస్తారు. ఉందంటే పనికిరాదని పంపేస్తారు. చీఫ్ మొహం ఎర్రబడింది. ఆయనకి కోపమొస్తే మాట తడబడేది. "ఆ పిల్ల... ఆ పిల్ల మీకోసం..." అని ఆగిపోయాడు.

నేను ల్యాబుకి వెళ్ళి నా పాత రిపోర్టు కాపీ తెచ్చాను. అందరూ తప్పన్న రిపోర్టు. రెంటినీ ఆవిడ బల్లమీద పక్కపక్కన పెట్టాను. కలం తీసి పాతదాని మీద "అన్నం మాత్రమే తింటుండగా" అని రాశాను. కొత్తదాని మీద "గోధుమ తింటుండగా" అని రాశాను.

"ఇది చూడండి. ఊళ్ళో అన్నం తిని వచ్చినప్పటిది. ఇందులో జబ్బు లేదని అప్పుడు నేనే రాశాను, మీరూ నమ్మారు. ఇప్పుడూ నమ్మండి. మందులేకుండా, మాత్ర లేకుండా, వట్టి అన్నంతో ఈ పిల్ల పేగు నా పేగులా, మీ పేగులా ఉంది."

ఆవిడ ఒకటి చదివారు, రెండోది చదివారు. మళ్ళీ మొదటిది చదివారు.

"అన్నం తింటే మన అందరిలాంటిదే అన్నమాట."

"అవునండీ."

"ఈ ముక్క ముందే రాయొచ్చుగదా డాక్టరుగారూ? ఇంత రాద్ధాంతం ఉండేదికాదు."

"రెండో ముక్క చేతికొచ్చాకగానీ మొదటిదానికి అర్థం తెలియలేదండీ" అన్నాను. ఆవిడకి అది సాకులా వినిపించి ఉంటుంది.

ఆ తరవాత నేను పనిచేసినన్నాళ్ళూ మా ల్యాబుకి ముక్క పంపాలంటే, పేరు పక్కనే రోగి ఏం తింటున్నాడో, ఏం మందులు వాడుతున్నాడో రాసి పంపాలని పట్టుబట్టేవాణ్ణి. రాయకుండా వస్తే వెనక్కి పంపేవాణ్ణి. చాదస్తపు మనిషినని పేరొచ్చింది. మీరు నాకంటే మంచి యంత్రాల మధ్య పనిచేస్తారు. యంత్రాలు మంచివయ్యేకొద్దీ ఈ ప్రశ్న అడగడం మరిచిపోతారని నా భయం. మా వీధి అమ్మాయిని నేను మళ్ళీ డాక్టరు దగ్గరికే పంపాను. సొంతంగా గోధుమ మానొద్దు, సొంతంగా మొదలుపెట్టొద్దు, మానేసిన సంగతి మాత్రం నోరు తెరిచి చెప్పమన్నాను.

ఆరోజు రూతమ్మగారు రెండు కాగితాలూ ఫైల్లో పెట్టుకున్నారు. లేచి హాస్టలు వంటింటివైపు నడిచారు. మేమూ వెనకే వెళ్ళాం. వంటమనిషితో, "దీనమ్మకి మూడుపూటలా అన్నం పెట్టు. మిగతావాళ్ళు ఎందుకని అడిగితే నా దగ్గరికి పంపు" అన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగే ధైర్యం ఆ హాస్టల్లో ఎవరికీ లేదు.

వరండాలో మార్తమ్మ ఖాళీ క్యారియరు కడుక్కుని తుడుచుకుంటోంది. పిల్ల చదువుకి ఢోకాలేదని చీఫ్ చెప్పాడు. ఆమె చేతులు జోడించింది. కానీ ఏదో తేలనట్టు నిలబడిపోయింది.

"అయ్యగారూ, నాకొక్కటి అర్థం కాలేదు. ఒక కాయితంలో లేదంటిరి, ఒక కాయితంలో ఉందంటిరి. ఇంతకీ మా పిల్లకి రోగం ఉన్నట్టా, లేనట్టా?"

చీఫ్ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇవాళ పిల్లకి ఏం పెట్టావు మార్తమ్మా?"

"అన్నవండీ. పప్పుచారు."

"అయితే లేదు" అన్నాడు.